యంత్రం వెంట వచ్చిన కాగితం: ఫిల్మ్‌నగర్ సెట్ వడ్రంగం, తెలుగు సూచనా రచన

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. 1971 నాటి సంపుటం చేనేత పదాలది. సాంకేతిక పరిభాషను సంస్కృత ధాతువుల నుంచి కల్పించుకోవడమే కాక, చేతిపనివారి నోటి నుంచి సేకరించుకోవచ్చునని ఆ కృషి చూపింది. అయితే ఆ పద్ధతి ఫలితం యంత్రాలతోపాటు వచ్చే సూచనా పుస్తకాల దాకా చేరలేదు. ఈ ఎడం ఎంతటిదో తెలియడానికి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతపు సెట్ వడ్రంగం తగిన ఉదాహరణ.

తెలుగు చిత్రాలు మద్రాసులో తయారైన కాలంలో సెట్ నిర్మాణం గురుముఖతః నేర్చిన పని. గోఖలే, కళాధర్ కళాదర్శకత్వం వహించిన ‘మాయాబజార్’ (1957) వైభవం వెనుక ఉన్నది పేరు దక్కని వడ్రంగుల ఉలి, రంపమే. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ బంజారాహిల్స్‌లో ఏర్పడింది. ఆ తరువాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఫిల్మ్‌నగర్ పరిసరాలలో వెలిశాయి. పరిశ్రమ తరలి రావడంతో కోస్తా వడ్రంగి ‘తోపడా’, తెలంగాణ వడ్రంగి ‘రందా’ ఒకే బల్ల మీదికి చేరాయి. పనిముట్టు కళ్ళెదుట ఉన్నంతవరకు ఈ పదభేదం పనికి అడ్డు కాదు. అచ్చులోకి ఏ మాటను ఎక్కించాలన్నప్పుడే చిక్కు.

విద్యుత్ యంత్రాల విషయం వేరు. వాటి పుస్తకం ఇంగ్లీషులో ఉండడం ఒక లోపమైతే, దానిని నిఘంటువు చూసి తెలుగు చేయడం మరింత ప్రమాదకరం. ‘కిక్‌బ్యాక్’కు పత్రికల తెలుగులో స్థిరపడిన అర్థం ముడుపు. గుండ్రటి రంపం దగ్గర అది చెక్క మనిషి మీదికి ఎగిరి రావడం. ‘ఫెన్స్’ కంచె కాదు, చెక్కను తిన్నగా నడిపే ఆనిక. ‘గ్రెయిన్’ ధాన్యం కాదు, చెక్కలోని నారల వాలు. అన్నిటినీ మించినది ‘రైవింగ్ నైఫ్’. పేరులో కత్తి ఉన్నా అది దేనినీ కోయదు. తిరిగే రంపానికి వెనుక నిలిచి, కోసిన సందు మూసుకుపోయి పళ్ళను పట్టేయకుండా ఆపే ఉక్కు రేకు అది. ‘చీల్చే కత్తి’ అని తర్జుమా చేస్తే, అవసరం లేని భాగమని పనివాడు దానిని ఊడదీసినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ రేకును బ్రిటన్ 1922 నాటి వడ్రంగ యంత్రాల నిబంధనలలోనే తప్పనిసరి చేసింది.

మన చట్టం ఈ విషయంలో సగం దారిలో ఆగింది. 1948 కర్మాగారాల చట్టం 108వ సెక్షన్ ప్రకారం కర్మాగారంలో ప్రదర్శించే ప్రకటనలు ఇంగ్లీషుతోపాటు అధికసంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండవలసి వచ్చేది. గోడ మీది మాటకు ఉండిన ఆ నియమం పెట్టెలోని పుస్తకానికి వర్తించలేదు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం పెట్టె మీది వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు. తెలుగు అదనపు ఐచ్ఛికం. ఐరోపా సమాఖ్య 2006 నాటి యంత్రాల ఆదేశం మాత్రం సూచనలు ఆయా సభ్యదేశాల అధికార భాషలో ఉండాలంటుంది.

భాష కుదిరినా పాఠకుడు కుదరడం లేదు. పెద్ద యంత్రాల సూచనలు స్థిరమైన కార్ఖానాను ఊహించుకుంటాయి: యంత్రాన్ని నేలకు బిగించాలి, పొట్టును లాగే గొట్టం అమర్చాలి. సెట్ కొన్ని రోజులకే కూలిపోతుంది, యంత్రం మరో ఫ్లోరుకు కదులుతుంది. కూల్చిన సెట్‌లోని చెక్క మళ్ళీ బల్ల మీదికి వచ్చినప్పుడు అందులో పాత మేకు దాగి ఉండవచ్చు. కార్ఖానా కోసం రాసిన వాక్యాలలో ఈ మేకు సంగతి, ఒకవేళ ఉన్నా, ఎక్కడో చివరి హెచ్చరికల్లో ఒదిగి ఉంటుంది. ఫిల్మ్‌నగర్ కోసం తెలుగులో రాసే పుస్తకానికి అదే మొదటి వాక్యం కావలసి ఉంటుంది.