ఎన్ని చీరలుంటే చాలు?

కిందటి వేసవి సెలవుల్లో నా బీరువా మొత్తం మంచం మీద కుమ్మరించాను. చీరలే 72 తేలాయి. పంజాబీ డ్రెస్సులు ఇంకో 20. ఏడాదిలో ఒక్కసారయినా ఒంటిమీదికి వచ్చినవి ఎన్నని చూస్తే సగం కూడా లేవు. అయినా రోజూ పొద్దున బస్సుకి టైమవుతుంటే బీరువా తలుపు తెరిచి "ఏం కట్టుకోను?" అని నిలబడుతూనే ఉన్నాను. చీర దొరికితే జాకెట్టు దొరకదు. జాకెట్టు దొరికితే అది పట్టదు. చీర ఖరీదు మనకి గుర్తుంటుంది గానీ, దాని వెనకే వచ్చే ఫాల్, జాకెట్టు గుడ్డ, లైనింగు, కుట్టుకూలి, లంగా, గంజి, ఇస్త్రీ మన లెక్కల్లోకి రావు. వాటికోసం తిరిగిన సాయంత్రాలు అసలే రావు.

ఓ నోటుబుక్కు తీసుకుని ఆ లెక్కలన్నీ రాశాను. చివరికి 12 చీరలు ఉంచుకున్నాను. వాటిలో దేనిమీదికయినా నప్పేలా నలుపు, మెరూన్, గోధుమరంగు, నీలం జాకెట్లు నాలుగు. డ్రెస్సులు ఆరు. మర్నాటి నుంచి తయారవడానికి పది నిమిషాలు చాలుతోంది. బట్టల వ్యాపారం ఆడవాళ్ళ నెత్తిన పెట్టిన బరువుని దించేసుకున్నానని స్నేహితులతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ వారం ఊరినుంచి వచ్చిన అమ్మమ్మకి బీరువా చూపించాను. ఆవిడ అరలన్నీ చూసి, "మా పెద్ద మేనత్తకి రెండే చీరలుండేవే. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద. ఆవిణ్ణెవరూ ఇలా మెచ్చుకోలేదు మరి!" అంది. ఆ మేనత్త బాలవితంతువు. రెండూ అంచులేని తెల్ల చీరలే.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తక్కువ బట్టలతో బతకడం నాకు కొత్త స్వేచ్ఛలా కనిపించింది. అదే తక్కువ మా ఇంట్లోనే ఒకావిడకి శిక్షగా ఉంది. తక్కువ ఎప్పుడు స్వేచ్ఛ అవుతుంది, ఎప్పుడు శిక్ష అవుతుంది? సాహిత్య పరిశోధనకోసం చదివిన చరిత్రనే ఈ ప్రశ్నతో మళ్ళీ తిరగేశాను.

1881లో లండన్‌లో కొందరు స్త్రీలు హేతుబద్ధ వస్త్రధారణ సంఘం పెట్టుకున్నారు. వైకౌంటెస్ హార్బర్టన్ అందులో ముఖ్యురాలు. నడుముని బిగించే కార్సెట్లు, పొరలు పొరలుగా లంగాలు, నేలమీద ఈడ్చుకుపోయే గౌన్లు వాళ్ళ కాలంనాటి గౌరవనీయ స్త్రీ వేషం. లోదుస్తుల బరువు మొత్తం ఏడు పౌన్లు, అంటే సుమారు మూడు కిలోలు మించకూడదని ఆ సంఘం సూత్రం పెట్టుకుంది. అంత బరువు వాళ్ళకి తేలిక అనిపించిందంటే అంతకుముందు ఎంత మోస్తుండేవారో ఊహించుకోవచ్చు. మెట్లెక్కగలగడం, ఊపిరి పీల్చుకోగలగడం, ఒకరి సాయం లేకుండా బట్టలు వేసుకోగలగడం వాళ్ళ కోరికలు.

అదే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఘట్టాన్ని మనం సంఘసంస్కరణ పాఠంగా చదువుకున్నాం. అమ్మమ్మ మాట విన్నాక దాన్ని బట్టలవైపునుంచి చూశాను. అగ్రవర్ణ వితంతువుకి మళ్ళీ పెళ్ళంటే రంగుచీర, రవిక, గాజులు, పూలు కూడా తిరిగి ఆమెవవడం. లండన్‌లో స్త్రీలు బట్టలు తగ్గించుకుని పొందినదాన్ని ఇక్కడి స్త్రీ బట్టలు పెంచుకుని పొందింది. రెండు చోట్లా జరిగింది ఒకటే. తన ఒంటిమీద ఏముండాలో చెప్పే హక్కుని పరాయివాళ్ళ చేతుల్లోంచి కొంతయినా వెనక్కి లాక్కోవడం.

హక్కు ఉన్నా గుడ్డ లేకపోతే? గాంధీ ఆత్మకథలో చంపారన్ ఘట్టం ఒకటుంది. 1917లో భితిహర్వా దగ్గరి ఓ పల్లెలో మాసిన బట్టలతో ఉన్న ఆడవాళ్ళని చూసి, ఎందుకు ఉతుక్కోరో అడగమని ఆయన కస్తూర్బాని పంపారు. ఒకామె కస్తూర్బాని తన గుడిసెలోకి తీసుకెళ్ళి, బట్టలు దాచే పెట్టె గానీ బీరువా గానీ అక్కడ లేవని చూపించింది. ఉన్నది ఒంటిమీది చీర ఒక్కటే. ఇంకోటి ఇప్పిస్తే రోజూ స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంటానంది. దేశంలో అలాంటి గుడిసెలు లెక్కలేనన్ని ఉన్నాయని గాంధీయే రాశారు.

నాలుగేళ్ళ తర్వాత, 1921 సెప్టెంబరు 22న మధురలో ఆయన పంచె, చొక్కా వదిలేసి కొల్లాయి కట్టారు. ఆ నిర్ణయం వెనకున్న నిజాయితీని నేను శంకించను. కానీ వదులుకోవడానికి ఏమన్నా ఉన్నవాడు వదిలితే త్యాగం అయింది. వదులుకోవడానికేమీ లేని ఆ గుడిసెలో స్త్రీకి దక్కిందల్లా శుభ్రత గురించి ఒక ప్రశ్న. ఖద్దరు విషయంలోనూ స్త్రీలకి చిక్కులు వచ్చాయి. ముతక ఖద్దరు చీర తడిస్తే బరువు. ఉతికి పిండేది ఇంట్లో ఆడవాళ్ళే. పైగా తెల్ల చీర చూడగానే ముత్తయిదువలకి గుర్తొచ్చేది వైధవ్యం. నిరాడంబరత అనే మాట మగవాడి పంచెమీద ఒకలా, ఆడదాని చీరమీద ఇంకోలా పడుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ తేడా ఒకే సామ్రాజ్యంలో కళ్ళకి కట్టింది. 1941 జూన్ 1న బ్రిటన్‌లో బట్టలకి రేషన్ పెట్టారు. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు, ఉన్ని గౌనుకి 11. ఆ తర్వాత జేబులకీ, బొత్తాలకీ, కుచ్చిళ్ళకీ కూడా పరిమితులు పెట్టి, ప్రభుత్వమే పొదుపైన నమూనాలు తయారు చేయించింది. 1943లో ఉన్నవాటినే బాగుచేసుకు వాడుకోండంటూ పుస్తకం వేసింది. ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చిన స్త్రీ రాత్రి దీపం ముందు కూర్చుని అతుకులు వేసుకుంది. పొదుపు దేశానిది, చాకిరీ ఆమెది. అయితే కూపన్ల పుస్తకం ఆమె చేతిలో ఉంది.

బెంగాల్లో అదీ లేదు. మిల్లు గుడ్డ సైన్యానికి మళ్ళింది, దిగుమతులు పడిపోయాయి, మిగిలింది దొంగ బజారుకి చేరింది. 1943లోనే ప్రభుత్వం నూలు, బట్టల నియంత్రణ ఉత్తర్వు తెచ్చినా బట్టల కరువు ఆగలేదు. కట్టుకోను గుడ్డ లేక స్త్రీలు ఇళ్ళు దాటలేకపోయారు. ఆ రోజుల మీద మాణిక్ బందోపాధ్యాయ రాసిన కథ పేరు 'దుఃశాసనీయ'. ఈ వస్త్రాపహరణంలో దుశ్శాసనుడు ఎవరన్నది ఆ పేరు చదివితేనే తెలుస్తుంది.

ఇంత చదివాక నా బీరువా దగ్గరికి మళ్ళీ వచ్చాను. నా ఎంపిక నాదే, నిజమే. మరి నేను ఆదా చేసిన కాలం ఎవరిది? నా 12 చీరల్లో 9 చేనేత కాటన్. అమ్మ స్కూల్లో పనిచేసే రోజుల్లో ఆరు పాలిస్టర్ చీరలతో ఏళ్ళు గడిపింది. రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి సిద్ధం. గంజి లేదు, ఇస్త్రీ లేదు. యూనివర్సిటీలో స్త్రీవాదం చదువుకుంటున్న నేను వాటిని చూసి మొహం చిట్లించేదాన్ని. అమ్మ తన కాలాన్ని తానే మిగుల్చుకున్న పద్ధతి నాకు అభిరుచి లేకపోవడంగా కనిపించింది. చేనేతని వదలమని నేననను, మగ్గంమీద బతికేవాళ్ళున్నారు. కానీ నా కాటన్ చీరలకి గంజి పెట్టేది నేను కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమె.

తీసేసిన 60 చీరల్లో మంచివి 10 ఏరి ఆమెకే ఇవ్వబోయాను. ఆమె ముట్టుకోలేదు. "గిన్ని చీరలు నేనేం జేసుకోనమ్మా? అందరిండ్లల్ల చీరలే ఇస్తరు. రెండు మూటలున్నయి, పెట్టనీకె జాగ లేదు. జీతం పెంచుండ్రి" అంది.

చంపారన్ గుడిసెలో పెట్టె లేదు, పెట్టడానికి చీరా లేదు. ఈమె గదిలో చీరలున్నాయి, బీరువా లేదు. గుడ్డ చవకయింది గనక జీతానికి బదులు గుడ్డ ఇచ్చి దాన్ని మంచితనం అంటున్నాం. నేను నా బీరువా బరువుని తీసుకెళ్ళి ఆమె గదిలో దించబోయాను.

పాత చీరలు కొన్ని అమ్మమ్మ బొంతలకి పట్టుకెళ్ళింది. కొన్ని స్టీలుగిన్నెలవాడికి పోయాయి. నోటుబుక్కు తీసి చూస్తే, జాకెట్లూ ఫాల్సూ ఇస్త్రీ మీద నెలకి మిగులుతుందని నేను రాసుకున్న మొత్తంలో ఆమె అడిగింది సగం కూడా లేదు. ఆ నెలనుంచే ఇస్తున్నాను. గంజి ఆదివారాలు నేనే పెట్టుకుంటున్నాను. అది మొదలయ్యాక కాటన్ చీర వారానికి రెండు రోజులకి తగ్గింది. మొన్న వెళ్ళినప్పుడు అమ్మ పాలిస్టర్ చీరలు రెండు అడిగి తెచ్చుకున్నాను.