జమాబందీ నుంచి సర్వరు దాకా

పుంగనూరు, పలమనేరుల నడుమ ఉన్న మా పెద్దపంజాణి ప్రాంతంలో "కరణం లెక్క" అన్న మాట పాతతరం వారి నోట ఇంకా వినబడుతుంది. సర్వరు మీద వెబ్ అనువర్తనాలను మనిషి చేయి పడకుండా నెలకొల్పి, వాటి అమరికలను యంత్రమే సరిచూసుకునే నేటి పద్ధతికీ, ఆ లెక్కకూ దగ్గరి చుట్టరికం ఉన్నదని నా అభిప్రాయం.

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి నుంచి మా వైపు భూమి లెక్క రెండు విధాలుగా ఉండేది. సెటిల్‌మెంటులో తయారైన రిజిస్టరును కచేరీలలో డైగ్లాట్ అనేవారు. ఏ సర్వే నంబరు విస్తీర్ణమెంత, మెట్టా మాగాణా, శిస్తెంత అన్నది అందులో ఉండేది. ఆ ఏడు ఆ చేలో నిజంగా ఏ పంట ఉన్నదో అడంగల్ చెప్పేది. మొదటిది ఉండవలసిన స్థితి, రెండవది ఉన్న స్థితి. ఏటా జరిగే జమాబందీలో పై అధికారి వచ్చి గ్రామ లెక్కలన్నీ తనిఖీ చేసేవాడు.

అయితే కాగితం మీదికెక్కనిది కూడా చాలా ఉండేది. అన్నదమ్ముల నోటిమాట పంపకం, గట్టు తగాదా, చెరువు నీటి వంతు - ఇవన్నీ కరణంగారి జ్ఞాపకంలో భద్రం. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసింది. దస్త్రాలు చేతులు మారాయి కానీ, జ్ఞాపకం చేతులు మారే వస్తువు కాదు గదా!

సర్వరుల లోకంలోనూ చాలాకాలం ఇదే కరణీకం నడిచింది. ఏ అమరిక ఎందుకు మార్చారో, ఏ సేవ ముందు మొదలవ్వాలో, అర్ధరాత్రి తనంతట నడిచే పని ఏదో ఒక్క నిర్వాహకునికే తెలిసేది. ఆయన వెళ్ళిపోతే ఆ యంత్రాన్ని తాకడానికి అందరికీ భయమే. ఆదేశాలను వరుసగా ఒక ఫైలులో వ్రాసిపెట్టుకోవడం మొదటి ఉపాయం. కాని దానిని రెండుసార్లు నడిపితే ఒకే పంక్తి రెండుసార్లు చేరవచ్చు, కట్టిన శిస్తునే మళ్ళీ కట్టించుకున్నట్లు.

1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భౌతికశాస్త్రజ్ఞుడు మార్క్ బర్జెస్ 'సి.ఎఫ్.ఇంజిన్' తయారు చేశాడు. ఏమి చేయాలో వరుసగా చెప్పడం మాని, యంత్రం ఎలా ఉండాలో వ్రాయమన్నాడు. తేడా ఉంటేనే అది సరిదిద్దుతుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే. 2005లో లూక్ కేనీస్ 'పప్పెట్'ను, 2012లో మైకేల్ డిహాన్ 'ఆన్సిబుల్'ను తెచ్చారు. పప్పెట్‌ను దాని మానాన వదిలితే ప్రతి అరగంటకూ ఒకసారి సరిచూస్తుంది. ఏడాదికొక్క జమాబందీ అరగంటకొకటి అయిందన్నమాట.

మన కచేరీలు కంప్యూటర్ల వైపు నడిచిన దారి కూడా దీనికి సమాంతరమే. 1998 నవంబరులో 'కార్డ్' పథకం కింద రెండు వందలకు పైగా సబ్-రిజిస్ట్రారు కార్యాలయాలలో కంప్యూటర్లు వచ్చాయి. దస్తావేజులను పుస్తకాలలోకి చేతితో నకలు వ్రాసే పని తప్పింది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మా పొరుగున కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' మొదలుపెట్టి, పల్లె జనానికి కంప్యూటరు కేంద్రాలు తెరిచాయి. 2011 నవంబరులో 'మీసేవ' మా చిత్తూరు జిల్లాలోనే ఆరంభమైంది. అడంగల్ నకలు కోసం కచేరీ చుట్టూ తిరిగిన రైతు కేంద్రానికి వెళ్ళి డిజిటల్ సంతకంతో తీసుకోసాగాడు. నకలు ఎక్కడ తీసుకున్నా మూలం ఒక్కటే.

మూలం ఒక్కటి కావడంలోనే మేలూ ఉంది, ప్రమాదమూ ఉంది. కరణం తప్పు వ్రాస్తే ఆ ఊరే నష్టపోయేది. యంత్రం చేతిలో తప్పు క్షణాలలో అన్ని చోట్లకూ చేరుతుంది. అలాగని చేతిపని నమ్మదగినదీ కాదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే వాటాల వ్యాపార సంస్థ, ఎనిమిది సర్వరులలో ఒకదానికి కొత్త ప్రోగ్రాము చేర్చకుండానే వ్యాపారం మొదలుపెట్టింది. ఆ ఒక్కదానిలో మిగిలిన పాత ప్రోగ్రాము మేల్కొని, ముప్పావుగంటలో నలభై కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. ఎనిమిదింటినీ సరిచూసే జమాబందీ ఉండి ఉంటే ఆ లోపం ముందే బయటపడేది.

యంత్రపు జమాబందీలో లేనిది ఒకటి పాత జమాబందీలో ఉండేది. అక్కడికి రైతు అర్జీ పట్టుకుని వెళ్ళగలిగేవాడు. "అయ్యా, లెక్కలో మాగాణి అన్నారు, నా చేనికి నీరెక్కదు" అని చెప్పుకునేవాడు. పప్పెట్ వ్రాతకూ యంత్రానికీ తేడా ఉందా అనే చూస్తుంది, వ్రాతే తప్పు కావచ్చునని అనుమానించదు. అడంగల్‌లో ఒకరి పేరు పొరపాటున పడితే, సర్వరులన్నీ ఏకగ్రీవంగా, ఏ లోపమూ లేకుండా ఆ తప్పునే చూపిస్తాయి. బ్యాంకు అప్పు పుట్టనిది మాత్రం అసలు రైతుకు.

అందుచేత సర్వరులతో కాపురం చేసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. అమరికలు వ్రాసేటప్పుడు "ఇలా ఉండాలి" అన్న దాని పక్కన "ఎందుకంటే" అని ఒక పంక్తి చేర్చండి. తరువాత వచ్చేవారికి మీ జ్ఞాపకం అందేది దానివల్లనే. అలాగే, తెర ముందు నిలబడ్డవాడు "ఇది తప్పు" అనడానికి ఒక కిటికీ తెరిచి ఉంచండి, ఆ మాట వినడానికి అవతల ఒక మనిషిని కూర్చోబెట్టండి.