బావులు మూసిన ఏడాది తెరిచిన బ్యాంకు

చమురు డబ్బు వాసన పట్టుకుని విదేశీ బ్యాంకులు కువైట్‌లో దిగాయని ఇక్కడ చాలామంది నమ్మకం. మా అబూ హలీఫా టీ కొట్టు కబుర్లలోనూ ఇదే మాట. తేదీలు చూస్తే మాత్రం కథ వేరు.

ఇక్కడికొచ్చిన మొదటి బ్యాంకు ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ ఇరాన్. వచ్చింది 1942లో. 1938లో బుర్గాన్‌లో చమురైతే పడింది గానీ, యుద్ధం మూలంగా సరిగ్గా ఆ 1942లోనే బావుల్ని సిమెంటుతో మూసేశారు. జపాన్ పెంపకపు ముత్యాల దెబ్బకి ఇక్కడి ముత్యాల వ్యాపారం అప్పటికే చితికిపోయింది. మరి ఏం చూసి వచ్చినట్టు?

జవాబు ఇరాన్‌లో ఉంది. 1889లో బారన్ రాయిటర్ (అవును, వార్తల రాయిటరే) షా దగ్గర హక్కులు పొంది పెట్టిన బ్రిటిష్ బ్యాంకు ఇది. ఆ దేశానికి నోట్లు అచ్చేసే హక్కూ దానిదే. 1928లో ఇరాన్ సొంతంగా బ్యాంక్ మెల్లీ పెట్టుకున్నాక ఆ వైభోగం కరిగిపోయింది. ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తుందని తెలిసినవాడు ముందే మరో ఇల్లు వెతుక్కుంటాడు కదా! అలా కువైట్, 1944లో బహ్రెయిన్, 1946లో దుబాయ్. ఆ 1946లోనే కువైట్ చమురు ఓడెక్కింది. పందెం పండింది.

అన్నట్టు, అప్పుడు ఆ కౌంటర్లో లెక్కపెట్టినవి మన రూపాయలే. 1959 నుంచి గల్ఫ్ కోసం రిజర్వ్ బ్యాంకు వేరే నోట్లు అచ్చేసింది. 1961లో దినార్ వచ్చినప్పుడు దాని మారకం పదమూడు రూపాయల చిల్లర! ఇప్పుడు 250 దాటిన రేటు చూసుకుని ఇంటికి పంపే మన కడప, రాజంపేట వాళ్ళకి చెబితే నమ్మరు.

1952లో బ్యాంకు ఇరాన్‌లో తలుపులు మూసింది. అదే ఏడాది కువైట్ వర్తకులు సొంతంగా నేషనల్ బ్యాంక్ ఆఫ్ కువైట్ తెరిచారు. అప్పుకి వెళ్ళిన ఒక వర్తకుణ్ణి హామీదారుని తెమ్మన్నారట, ఆ రోషంతో పుట్టిందని చెప్పుకుంటారు. కథలో ఉప్పూకారం ఎంతున్నా, నాకు సబబుగానే తోస్తుంది. భూమిలోని చమురుని అంచనా వేసినవాళ్ళు, పక్క దుకాణం మనిషిని వెయ్యలేకపోయారు. నేను పనిచేసే బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికీ 'గ్యారంటర్' అనే గడి ఉంది. దాన్ని తప్పనిసరి చెయ్యాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా, హామీ ఇచ్చే దిక్కులేని మనవాళ్ళతో పాటు ఆ వర్తకుడూ గుర్తొస్తాడు.

తర్వాత బ్రిటిష్ బ్యాంక్ ఆఫ్ ది మిడిల్ ఈస్ట్‌గా పేరు మారిన ఈ బ్యాంకుని 1959లో హెచ్‌ఎస్‌బీసీ కొనేసింది. 1971లో ఇక్కడి హక్కుల గడువు తీరింది. శాఖలన్నీ కువైటీల బ్యాంకైపోయాయి. విదేశీ బ్యాంకులకి మళ్ళీ దారిచ్చింది 2004 చట్టం. హెచ్‌ఎస్‌బీసీ తిరిగొచ్చింది. ఈసారి అనుమతి ఒక్క శాఖకే.