దీర్ఘవ్యాధి నివారణ బోధన: మద్రాసు నుండి బరంపురము వరకు

వైద్యవిద్యార్థికి చిరకాలము ఆసుపత్రి మంచమే పాఠశాల. రోగి ఆ మంచమెక్కిన పిదపనే విద్యార్థి వానిని చూచెడివాడు. హఠాత్తుగా వచ్చు జ్వరముల విషయమున ఈ పద్ధతి కొంత చెల్లినది. కాని క్షయ, కుష్ఠు, మధుమేహము, రక్తపుపోటు ఏండ్లతరబడి మెల్లగా ముదురును. వాని మూలములు పెక్కింటిని ఇంటిలోను, వంటలోను, వృత్తిలోను వెదకవలెను. మంచముకడ నిలిచినవానికి అవి కానరావు.

ఈ లోపమును సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడిన సంఘము గుర్తించినది. 1946 నాటి నివేదికలో, ప్రతి వైద్యవిద్యార్థికిని నివారక, సామాజిక వైద్యమున మూడు నెలల శిక్షణ మీయవలెనని అది సూచించెను. ఆ సంఘ సభ్యులలో డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు ఒకరు. ఆయన 1887లో కర్నూలున జన్మించి, తొలిచదువులు అచ్చటనే ముగించి, మద్రాసు చేరెను. 1942 మొదలు 1969 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండెను. 1959లో నియమితమై 1961లో నివేదిక నిచ్చిన ఆరోగ్య పరిశీలన సంఘమునకును ఆయనయే అధ్యక్షుడు.

మద్రాసు నగరమే ఈ బోధనకు గొప్ప నిదర్శనము నిచ్చినది. 1956లో అచ్చట నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, పేదరోగులలో కొందరిని శానటోరియమునను, కొందరిని వారి యిండ్లయందును ఉంచి ఏడాదిపాటు మందు లిచ్చినది. ఇంటి చికిత్సయు ఇంచుమించు అంత ఫలప్రదమే యనియు, దానివలన కుటుంబమునకు ముప్పు హెచ్చలేదనియు 1959లో తేలినది. వైద్యుడు రోగి గడపకు పోవలెనను మాటకు శాస్త్రబలము చేకూరినది. అంతకుముందే, 1948లో, స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టరు ఎం. విశ్వనాథన్ మధుమేహమునకు ప్రత్యేక చికిత్సాలయము నారంభించియుండెను.

1977లో కేంద్రప్రభుత్వము వైద్యకళాశాలలను గ్రామ ఆరోగ్యకేంద్రములతో ముడివేయు పథకమును ప్రవేశపెట్టెను. 2010లో కర్కటము, మధుమేహము, హృద్రోగము, పక్షవాతముల నివారణకు జాతీయ కార్యక్రమము మొదలైనది. 2021-22లో చేరిన విద్యార్థులు మొదలుగా, ప్రతివిద్యార్థియు కొన్ని కుటుంబములను దత్తతగొని వారి ఆరోగ్యమును కనిపెట్టవలెనను నియమము వచ్చినది. ఇది ఎంత అవసరమో 2023లో ప్రకటితమైన అఖిల భారత పరిశీలన తెలుపుచున్నది: మనదేశమున మధుమేహులు సుమారు 10 కోట్ల 10 లక్షలు, వయోజనులలో నూటికి 35 మందికి పైగా రక్తపుపోటు కలవారు.

ప్రవాసాంధ్రులకు ఇందు మరియొక చిక్కు కలదు. గంజాము 1936లో ఒరిస్సాలో చేరిన పిదపను బరంపురమున తెలుగు కుటుంబములు నిలిచియున్నవి. 1962లో అచ్చట వైద్యకళాశాల వెలసినది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు దానికి పెట్టబడినది. అట్టి ఊరిలో తెలుగింటి వృద్ధురాలితో "ఉప్పు తగ్గింపు" డన్నంతమాత్రమున పని జరుగదు. కూరలో ఉప్పు తగ్గించి, ఆవకాయతోను అప్పడములతోను ఆమె భోజనము ముగించును. ఊరగాయ ఎంత, ఎన్నిపూటలు అని ఆమె మాటలో అడుగగలిగినప్పుడే విద్యార్థికి వ్యాధిమూలము తెలియును.

కావున ఇరుగుపొరుగు భాషలు నేర్చిన తెలుగు విద్యార్థులును, తెలుగు నేర్చిన ఇతర విద్యార్థులును ఇట్టి చోట్ల వైద్యమునకు గొప్ప ఆస్తి. తెలుగు సమాజములు వారికి తమ గడపలు తెరచుట, ఎనిమిది దశాబ్దములనాడు మొదలైన ఈ ప్రయత్నమునకు తమవంతు తోడ్పాటు కాగలదు.