సురాధ్యక్షుని కొలువు నుండి సారా పాటల వరకు

స్మృతికారులు సురాపానమును మహాపాతకములలో చేర్చిరి. రాజనీతికోవిదుడైన కౌటిల్యుడు మాత్రము దానిపై ఒక అధికారిని నియమించెను. అర్థశాస్త్రము రెండవ అధికరణమున ఈ సురాధ్యక్షుని విధులు సవిస్తరముగా కలవు. 1909లో శామశాస్త్రిగారు మైసూరులో ఆ గ్రంథమును ప్రకటించిన పిమ్మట, అబ్కారీ అనునది ఆంగ్లేయులు తెచ్చిపెట్టిన వింత కాదని విద్యావంతులకు తెలియవచ్చెను. అనుమతి లేని చోట మద్యమును చేసినను, కొన్నను, అమ్మినను ఆరువందల పణముల దండన. పానశాలలో వేరువేరు గదులు, శయ్యలు, ఆసనములు, గంధమాల్యములు ఉండవలెను. ఎవడు తాహతుకు మించి ఖర్చు చేయుచున్నాడో గూఢచారులు కనిపెట్టుచుండవలెను. ఉత్సవములకు, జాతరలకు నాలుగుదినముల సడలింపు. ద్రాక్షరసముతో చేసిన మద్యమునకు 'మధువు' అని పేరు; కాపిశదేశమునుండి వచ్చునది కాపిశాయనము. నేడు మన ఊళ్లలో 'వైన్స్' అను పలక కట్టుకొన్న దుకాణములలో ఈ మధువు పాలు మిక్కిలి స్వల్పము. పలకకేమి, అది బరువు మోయదు కదా!

ఈ నిబంధనలలో ప్రజల నిగ్రహమునకు ఎంత చోటు కలదో, రాజుగారి బొక్కసమునకును అంత చోటు కలదు. తరువాతి చరిత్ర యంతయు ఈ రెంటి పెనుగులాటయే.

కుంఫిణీవారి కాలమున అబ్కారీ గుత్తకు పోయెడిది. ఒక ప్రాంతమునకెల్ల సారా కాచి అమ్ముకొను హక్కును హెచ్చుపాట పాడినవానికి కట్టబెట్టి ప్రభుత్వము చేతులు దులుపుకొనెడిది. మద్రాసు అబ్కారీ చట్టము 1886లో వచ్చినపిదప పద్ధతి బిగిసెను. సారా బట్టీలను పెద్దకర్మాగారములకు చేర్చి, అచ్చటనే సుంకము విధించిరి. కల్లుకు చెట్టుపన్ను ఏర్పడెను. గీతకు ఇచ్చిన తాడి, ఈత, కొబ్బరిచెట్లకు అంకె వేసి, చెట్టొక్కింటికి ఇంత అని వసూలు చేసెడివారు. దుకాణమునకు వేరుగా వేలము. మోకు కట్టుకొని ప్రాణములకు తెగించి చెట్టెక్కువాడు గీతపనివాడు. క్రింద నిలిచి పాట పాడువాడు కంట్రాక్టరు. లాభము ఎవరిదో చెప్పనక్కరలేదు. తక్కువ వినియోగము, ఎక్కువ రాబడి అని ప్రభుత్వము తన విధానమును చాటుకొనెడిది. కాని వేలమున హెచ్చు సొమ్ము ఒప్పుకొన్నవాడు హెచ్చు అమ్మక ఆ సొమ్మును రాబట్టుట ఎట్లు? విధానమును వేలపుపాటయే ఓడించినది.

1921 నాటి సహాయనిరాకరణమున కల్లు దుకాణముల ముందు పికెటింగులు జరిగినవి. 1937లో రాజాజీ మంత్రివర్గము ఆ ఏడు అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించెను. పోయిన రాబడికి బదులుగా 1939లో సాధారణ అమ్మకపు పన్ను విధింపబడెను. నేడు అన్ని రాష్ట్రములను పోషించిన ఆ పన్నునకు మద్యనిషేధమే పురుడుపోసినదన్న సంగతి పలువురు ఎరుగరు. యుద్ధకాలమున నిషేధము సడలినను, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను నెలకొనెను. రాజ్యాంగము 47వ అధికరణమున నిషేధమును ఆదర్శముగా నిలిపి, మద్యముపై సుంకమును రాష్ట్రముల జాబితాలో పెట్టినది. కనుకనే కేంద్ర ఎక్సైజు శాఖవారికి పొగాకు దక్కినది గాని, త్రాగెడి మద్యము దక్కలేదు. 2017లో వచ్చిన జి.ఎస్.టి. సైతము దానిని తాకలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించునప్పటికి ఖజానా వట్టిది, రాజధాని డేరాలలో. నిషేధము వలన అబ్కారీ రాబడి లేదు. దొంగసారా మాత్రము ఉన్నది. వేలాది గీతకుటుంబములకు కూడు పోయినది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఎస్.వి. రామమూర్తిగారి అధ్యక్షతన విచారణసంఘమును వేసెను. ఆ సంఘము నిషేధమును ఎత్తివేయవలెనని సిఫారసు చేసినది. ప్రభుత్వము దానిని అమలుపరుపలేదు. గీతపనివారి పక్షమున గౌతు లచ్చన్నగారు సత్యాగ్రహము సాగించిరి. తుదకు 1954 నవంబరు 6న శాసనసభలో అవిశ్వాసతీర్మానము 69కి 68 వోట్లతో నెగ్గెను. తుపాకికి గుండె చూపిన ఆంధ్రకేసరి ప్రభుత్వము ఒక్క వోటుతో, కల్లు విషయమున కూలినది. ఆదర్శమును విడువలేనివారికిని, చెట్టు తప్ప ఆధారము లేనివారికిని నడుమ ఆయన నలిగెననుట న్యాయము. ఇరుపక్షములలో ఎవరిని నిందింపవలెనన్నను మనసొప్పదు.

1956లో తెలంగాణము కలిసిన పిదప రాష్ట్రము వింతగా నడచినది: సర్కారు, రాయలసీమ జిల్లాలలో నిషేధము, తెలంగాణమున నిజాముకాలపు అబ్కారీ. 1968లో ఎక్సైజు చట్టము వచ్చెను. నిషేధము క్రమముగా సడలిపోయెను, సారా పాటలు మరల వచ్చినవి.

ఆ పాటలను ఆపినవారు శాసనసభ్యులు కారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజనవిద్యకు వచ్చిన స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలైనవారు, సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము వ్యాపించి వేలములు సాగనీయకపోయెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణనిషేధము తెచ్చెను. 1997లో అది తొలగినది. ఈ మారును వినిపించిన కారణము ఖజానాయే.

పాటకు బదులుగా చీట్లు వచ్చినవి. 2023లో తెలంగాణమున 2,620 దుకాణములకు చీట్లు తీసిరి. దరఖాస్తునకు రెండు లక్షల రూపాయల రుసుము. చీటి రానివారికి తిరిగి యివ్వరు. దరఖాస్తులు లక్షకు మించినవి. ఒక్క సీసా అమ్ముడుపోకమునుపే ప్రభుత్వమునకు రెండువేల కోట్లకు పైగా వచ్చిపడినది.