మైకెలాంజెలో ‘అంతిమ తీర్పు’ : నగ్నరూప వివాద చరిత్ర

చిత్రకళా చరిత్రయందు నగ్నరూపమును గూర్చి వ్రాసినవారు సాధారణముగా రెండు మార్గములను త్రొక్కుచుందురు. కొందరు దానిని సౌందర్యశాస్త్ర విషయముగా గ్రహించి శరీర ప్రమాణములను, గ్రీకు శిల్పుల ఆదర్శములను వర్ణింతురు. మరికొందరు దానిని నీతిశాస్త్ర విషయముగా గ్రహించి, అది తగునా తగదా యని తర్కింతురు. ఈ రెండింటికిని నడుమ మూడవ మార్గ మొకటి కలదు. ఒకానొక నగ్నచిత్రమును ఎవరు, ఎప్పుడు, ఏ హేతువుచే నాక్షేపించిరి? దానిపై వస్త్రమును కప్పినవారు ఏ పద్ధతి నవలంబించిరి? ఆ వస్త్రమును తరువాతివారు తొలగించిరా, నిలిపిరా? ఈ మార్గమున ఊహకంటె చరిత్రకే ఎక్కువ చోటుండును. ఇందుకు లక్ష్యముగా రోమునందలి వాటికన్ ప్రాసాదమున, సిస్టైన్ ప్రార్థనామందిరపు బలిపీఠము వెనుక గోడపై మైకెలాంజెలో చిత్రించిన ‘అంతిమ తీర్పు’ను మేము గ్రహించితిమి.

ముందుగా పరిభాషను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఆంగ్ల విమర్శకుడు కెన్నెత్ క్లార్క్ 1956లో ప్రకటించిన తన గ్రంథమున, కేవలము బట్టలు లేకుండుటకును, కళాకారుడు తీర్చిదిద్దిన నగ్నరూపమునకును భేదము చూపెను. ఆ భేదము రెండు ఆంగ్ల పదములపై ఆధారపడినది. మన భాషలో వాడుకయందున్న పదములు మూడు. ‘వివస్త్ర’ అనినపుడు ముందున్న వస్త్రము తొలగింపబడెనను భావము స్ఫురించును. దానితోడనే అవమానమును స్ఫురించును. ‘దిగంబర’ అనినపుడు దిక్కులనే అంబరముగా గైకొన్న ముని తలపునకు వచ్చును. అచట త్యాగము ప్రధానము. ‘నగ్న’ శబ్దము ఈ రెండింటికిని చెందక స్థితిమాత్రమును తెలుపును. ఒక చిత్రమున కనబడు దేహము ఈ మూడింటిలో దేనికి చెందునో నిర్ణయించుకొనక వాదమునకు దిగినచో వాదము తెగదు. సిస్టైన్ మందిర వివాదమున జరిగినది చాలవరకు ఇదియే.

క్రైస్తవ చిత్రకళలో నగ్నదేహము మైకెలాంజెలోతో పుట్టినది కాదు. ఫ్లారెన్సు నగరమున బ్రాంకాచ్చి మందిరమునందు మసాచ్చో 1425 ప్రాంతమున ఆదాము హవ్వల బహిష్కారమును చిత్రించెను. ఆదాము చేతులతో మొగమును కప్పుకొనియున్నాడు. హవ్వ ఆక్రోశించుచు దేహమును కప్పుకొన జూచుచున్నది. బైబిలు ‘ఆదికాండము’ ననుసరించి, వారిని వెడలగొట్టుటకు పూర్వమే దేవుడు వారికి చర్మవస్త్రములను తొడిగించెను. మసాచ్చో ఆ వివరమును విడిచిపెట్టెను. అతనికి కావలసినది అవమానము. కావున అతడు చూపినది వివస్త్రత. 17వ శతాబ్దమున ఎవరో ఆ దేహములపై ఆకులను చిత్రింపగా, 1980వ దశాబ్దపు పరిష్కరణమున వానిని తొలగించిరి.

తీర్పు దినమును చిత్రించు సంప్రదాయము వేరు. ఆ దినమున మృతులు సమాధులనుండి లేచుదురని క్రైస్తవుల విశ్వాసము. లేచువారు బట్టలతో లేవరు. మధ్యయుగపు దేవాలయ ద్వారములపై చెక్కిన తీర్పు శిల్పములందును అట్టి నగ్నమూర్తులు కలరు. లూకా సిన్యొరెల్లి 1499లో పూనుకొని ఓర్వియేతో ప్రధాన దేవాలయమున చిత్రించిన పునరుత్థాన దృశ్యమునందు నగ్నదేహములు గోడనిండ నున్నవి. కావున 1541లో రోమున ఆక్షేపణకు హేతువైనది నగ్నత్వము మాత్రమే యని చెప్పుట చరిత్రకు సరిపడదు.

ఆ చిత్రరచనా వృత్తాంతమును సంగ్రహముగా స్మరింతము. మైకెలాంజెలో అదే మందిరపు పైకప్పును 1508 మొదలు 1512 వరకు చిత్రించియుండెను. అందు ఇరువది మంది నగ్నయువకుల మూర్తులు కలవు. తరువాత ఏడవ క్లెమెంట్ పోపు బలిపీఠపు గోడను చిత్రింపుమని కోరెను. ఆయన 1534లో మరణింపగా మూడవ పౌలు పోపు ఆ సంకల్పమును కొనసాగించెను. 1536లో ఆరంభమైన పని 1541 అక్టోబరులో ముగిసెను. గోడ యెత్తు పదుమూడు మీటర్లకు పైబడినది. మూర్తులు మూడువందలకు మించినవి. ఈ చిత్రము కొరకు ఆ గోడపై పూర్వము పెరూజీనో వ్రాసిన చిత్రములను, మైకెలాంజెలో తాను స్వయముగా పైభాగమున వ్రాసిన రెండు అర్ధచంద్రాకార చిత్రములను గూడ చెరిపివేయవలసి వచ్చెను. ఒక చిత్రమును కప్పి మరియొకటి వ్రాయుట ఆ గోడకు అప్పటికే క్రొత్త గాదు.

మొదటి ఆక్షేపణ పోపుగారి కొలువునుండియే వెలువడెను. వసారి వ్రాసిన చిత్రకారుల జీవిత చరిత్రల ననుసరించి, కొలువు మర్యాదల అధికారియగు బ్యాజో ద చెజేనా ఈ చిత్రము స్నానశాలలకును పానశాలలకును తగునే గాని పోపు మందిరమునకు తగదనెను. అందులకు ప్రతీకారముగా చిత్రకారుడు నరకమున మినోస్ మూర్తికి ఆ అధికారి ముఖమును ఉంచెనట. ఈ కథను చదువరులు హాస్యముగా గ్రహింతురు గాని, ఆ మాటలోని తర్కము గమనింపదగినది. బ్యాజో నగ్నదేహమును నిషేధింపలేదు. దానికి తగిన స్థానమేదో చెప్పెను. మన ఆలంకారికులు ఔచిత్య మనునది ఇదియే.

రెండవ ఆక్షేపణ 1545లో పియెత్రో అరెతీనో వ్రాసిన లేఖ. వేశ్యల సంభాషణలను గ్రంథముగా ప్రకటించినవాడు, శృంగార గీతములను రచించినవాడు ఈ చిత్రమును నిందించుట ఆశ్చర్యకరము. మైకెలాంజెలో తనకు చిత్రలేఖనములను పంపలేదను కినుక అందులకు కొంత కారణము. అయినను కినుకతో వ్రాసిన లేఖయందును ఒక సత్యము కలదు. శృంగారము నెరిగిన తాను సైతము అట్టి విషయములను మాటల మాటున చెప్పుదుననియు, చిత్రకారుడు పవిత్ర స్థలమున దేనిని దాచలేదనియు అతని వాదము. పైగా అప్పటికి ఈ చిత్రమునకు ముద్రిత ప్రతిరూపములు బయలుదేరుచుండెను. కొలువులోని పండితులు, కార్డినళ్లు చూచుటకై ఏర్పడిన గోడ, అచ్చు కాగితముపై సామాన్యుల చేతికి పోవ నారంభించెను. చూచువారు మారినపుడు చూపబడినదాని అర్థమును మారును. వివాదము కాలక్రమమున తగ్గక పెరుగుటకు మాకు తోచిన ప్రధాన హేతు విదియే.

ఇంతలో ఉత్తర ఐరోపాలో ప్రొటెస్టంటులు దేవాలయ చిత్రములనే ఖండించుచుండిరి. వారికి సమాధానముగా ట్రెంట్ మహాసభ 1563 డిసెంబరున చిత్రములను సమర్థించుచు ఒక తీర్మానము చేసెను. అందే పవిత్ర చిత్రములలో కామోద్దీపకమగు సౌందర్యము కూడదని శాసించెను. ఆ తీర్మానమున ఏ చిత్రముయొక్క పేరును లేదు. కాని 1564 జనవరిలో, ఆ శాసనములను అమలుపరచు కార్డినళ్ల సంఘము ‘అంతిమ తీర్పు’లోని అభ్యంతరకర భాగములను కప్పవలెనని నిశ్చయించెను. మరుసటి నెల 18వ తేదీన మైకెలాంజెలో తన 88వ యేట మరణించెను. అదే సంవత్సరమున జీలియో అను మతాచార్యుడు చిత్రకారుల దోషములపై ఒక సంభాషణ గ్రంథమును ప్రకటించెను. అతని దోషపట్టికలో నగ్నత్వ మొకటి మాత్రమే. దేవదూతలకు రెక్కలు లేవు. క్రీస్తునకు గడ్డము లేదు. క్రైస్తవ నరకమున గ్రీకు పురాణపు పడవవాడు కలడు. ఆయన దృష్టిలో అసలు అపరాధము కళను శాస్త్రార్థముకంటె పైన నిలుపుట.

వస్త్రములు కప్పు పని 1565లో దానియేలె ద వోల్తెర్రాకు అప్పగింపబడెను. ఇతడు మైకెలాంజెలోకు మిత్రుడు, అనుయాయి. ఆయన మరణశయ్య చెంత నున్నవారిలో నొకడు. ఈ పని వలన లోకము ఇతనికి ‘లాగులు తొడుగువాడు’ అను ఎగతాళి పేరు పెట్టెను. ఇచట చిత్రరచనా విధానమును కొంత తెలిసికొనవలెను. తడి సున్నపు పూతపై రంగు వేసినచో, సున్నము గట్టిపడునపుడు రంగు దానిలో కలిసి గోడలో భాగమగును. ఆరిన గోడపై జిగురు కలిపి వేసిన రంగు పైపొరగానే నిలుచును. నేర్పుతో దానిని తొలగింపవచ్చును. దానియేలె వేసిన వస్త్రములలో పెక్కు ఈ రెండవ పద్ధతివి. కాని సెయింట్ బ్లేజు, సెయింట్ కేథరీన్ మూర్తుల విషయమున అతడు పాత పూతను ఉలితో చెక్కివేసి, క్రొత్త సున్నము పూసి తిరిగి చిత్రించెను. వంగియున్న నగ్న కేథరీన్, ఆమె వెనుక బ్లేజు నిలిచిన తీరు మిక్కిలి నిందకు పాలైయుండెను. ఆ చోట క్రింద మూల చిత్రము లేదు. దాని రూపము నెరుగుటకు ప్రతికృతులే శరణ్యము. వానిలో ముఖ్యమైనది మార్చెల్లో వెనూస్తి 1549లో వ్రాసినది. అది నేపుల్సు నగరమున కపోదిమోంతె చిత్రశాలలో నున్నది.

ఈ చరిత్రలో అత్యంత విచారణీయమైన ఘట్టము 1573లో వెనీసునందు జరిగినది. చిత్రకారుడు వెరొనేసె తాను వ్రాసిన ‘కడపటి విందు’ చిత్రమున విదూషకులను, సైనికులను చేర్చెనని మతవిచారణ సభ యెదుట నిలువవలసి వచ్చెను. అతడు ఆత్మరక్షణకై మైకెలాంజెలో నగ్నమూర్తులను ప్రస్తావించెను. అందులకు విచారణాధికారి యిచ్చిన సమాధానము ఊహింపరానిది. అంతిమ తీర్పున వస్త్రముల ప్రసక్తియే యుండదనియు, కావున వానిని చిత్రింప నవసరము లేదనియు, ఆ మూర్తులలో ఆధ్యాత్మికము కానిది ఏదియు లేదనియు అతడు చెప్పెను. కప్పవలెనని నిశ్చయించి పదేండ్లయినను నిండలేదు; నిశ్చయించినదియు, సమర్థించినదియు ఒకే మతవ్యవస్థ. విచారణాధికారి మాటను మన పరిభాషలో చెప్పవలెనన్న, ఆ దేహములు నగ్నములు గాని వివస్త్రములు కావు. కార్డినళ్ల సంఘము వానిని వివస్త్రములుగా చూచెను. వస్త్రము కప్పిన పిమ్మట అవి నిజముగానే అట్లు కనబడసాగెను. ఏలయన ఒక దేహమునకు గుడ్డ చుట్టినపుడే ప్రక్కనున్న దేహమునకు గుడ్డ లేదని చూచువానికి తోచును.

తరువాతి శతాబ్దములందును మరికొన్ని వస్త్రములు చేరినవి. 1990 మొదలు 1994 వరకు జరిగిన పరిష్కరణమున వీని విషయమై నిర్ణయము తప్పనిసరి యయ్యెను. దానియేలె కాలపు వస్త్రములను నిలిపి, అనంతర కాలపువానిని తొలగించిరి. 1994 ఏప్రిలున చిత్రము తిరిగి ప్రకటింపబడినపుడు రెండవ జాన్ పాల్ పోపు ఆ మందిరమును మానవ దేహముయొక్క దైవశాస్త్రమునకు ఆలయముగా ప్రశంసించెను.

ఈ నిర్ణయమును గూర్చి రెండభిప్రాయములకు అవకాశము కలదు. కవి పాఠమును నిర్ణయించు పరిష్కర్త ప్రక్షిప్తములను ఏరివేయును. మైకెలాంజెలో పాఠము మనకు కావలెనన్నచో దానియేలె వస్త్రములును ప్రక్షిప్తములే. ఈ వాదమునకు బలము కలదు. అయినను తాళపత్రమునకును గోడకును భేదము కలదు. పరిష్కర్త తొలగించిన పద్యము అధోజ్ఞాపికలో బ్రతుకును. గోడనుండి గీకివేసిన రంగు ఎచటను బ్రతుకదు. పైగా దానియేలె వస్త్రములు ఒక మహాసభ తీర్మానమునకు ప్రత్యక్ష సాక్ష్యములు. కొలది వస్త్రములతో పని ముగియుటచేతనే మిగిలిన గోడ నాశము గాక దక్కెనని మా యభిప్రాయము. కావున కొన్నిటిని నిలిపి కొన్నిటిని తొలగించిన ఆ నిర్ణయము సౌందర్య దృష్టికి అసంపూర్ణమైనను చరిత్ర దృష్టికి సమంజసముగ నున్నది.

నగ్నరూప చరిత్రను పరిశోధింపగోరువారు చిత్రమున దేహమెట్లున్నదో చూచుటతో తృప్తి చెందక, అది ఏ గోడపై నున్నది, ఎవరి కన్నులకై వ్రాయబడినది, దానిపై ఎన్ని చేతులు పడినవి అను మూడంశములను గూడ విచారింపవలెను. సిస్టైన్ మందిరపు గోడపై నేడు మనకు కనబడునది మైకెలాంజెలో సంకల్పము మాత్రమే కాదు. దానిని చూచి బెదరినవారి చరిత్రయు, దానిని కాపాడినవారి చరిత్రయు అదే గోడపై నున్నవి.