చక్రంలోనే మోటారు

1900 ఏప్రిల్. పారిస్ ప్రపంచ ప్రదర్శనలో వియన్నా నుంచి వచ్చిన ఓ బండి నిలబడి ఉంది. కింద గొలుసు లేదు, గేర్ల పెట్టె లేదు, గుర్రం సంగతి సరేసరి. మరి కదిలేదెలా? ముందు చక్రాల్ని చూస్తే తెలుస్తుంది. రెండింటి నడిమధ్యనా లావుపాటి డొల్లలున్నాయి. లోపల కదలని అయస్కాంత ధ్రువాలు, వాటి చుట్టూ చక్రంతోపాటే తిరిగే రాగితీగ చుట్లు. చక్రమే మోటారు! దారిలో గేర్లూ గొలుసులూ తినేసే శక్తి ఇక్కడ నేరుగా నేలకు చేరుతుంది.

దాన్ని రూపొందించిన ఫెర్డినాండ్ పోర్షేకి అప్పటికింకా పాతికేళ్లు నిండలేదు.

బొహీమియాలోని మాఫెర్స్‌డార్ఫ్‌లో రేకుపని చేసే ఆంటన్ పోర్షే కొడుకతను. పగలు తండ్రి దగ్గర పని, రాత్రి రైషెన్‌బర్గ్ సాంకేతిక పాఠశాలలో చదువు. ఊళ్లోని గింజ్‌కీ తివాచీల మిల్లులో కరెంటు దీపాలు చూశాక అతని మనసు రేకుల మీద నిలవలేదు. సొంతింటికే కరెంటు పెట్టేశాడు. పద్దెనిమిదో ఏట వియన్నా వెళ్లి బేలా ఎగ్గర్ విద్యుత్ కంపెనీలో చేరాడు. రాజకుటుంబానికి గుర్రపు బగ్గీలు చేసే లోనర్ సంస్థ 1898లో అతన్ని పిలిచింది. పెట్రోలు బండ్ల మోతా పొగా యజమాని లుడ్విగ్ లోనర్‌కి గిట్టవు. ఆయనకు కావలసింది కరెంటు బండి.

 

పోర్షే చేసిచ్చిన ఆ బండిని పారిస్ మెచ్చుకుంది. అదే ఏడు ఆస్ట్రియాలోని సెమ్మరింగ్ కొండ దారిలో పోర్షే దాన్ని 10 కిలోమీటర్లు పావుగంటలోపే ఎక్కించి రికార్డు సృష్టించాడు. కానీ బండి కడుపులో 410 కిలోల సీసపు బ్యాటరీ ఉంది. అంత మోసినా ఒక్క ఛార్జికి నడిచేది దాదాపు 50 కిలోమీటర్లే. ఇంగ్లండుకు చెందిన ఇ.డబ్ల్యూ. హార్ట్ అనే కొనుగోలుదారు నాలుగు చక్రాలకూ మోటార్లు కావాలన్నాడు. పోర్షే చేసిచ్చాడు. అందులో బ్యాటరీల బరువే 1,800 కిలోలు! మోటారు ఎంత గొప్పదైనా, ఇంత బరువు మోస్తూ ఎంత దూరం పోతుంది?

నన్నడిగితే పోర్షే అసలు ప్రతిభ బయటపడింది ఇక్కడే. చక్రంలోని మోటారును వదల్లేదు, బ్యాటరీని తగ్గించాడు. యజమానికి గిట్టని పెట్రోలు ఇంజిన్నే తెచ్చి బండిలో పెట్టాడు, అదీ చక్రాలకు తగిలించకుండా. డి డియాన్ బూటన్ కంపెనీవి రెండు చిన్న ఇంజిన్లు, ఒక్కోదానికీ ఒక్కో జనరేటర్. ఇంజిన్ పని కరెంటు పుట్టించడమే, లాగే పని మోటార్లది. మన కాజీపేట షెడ్డులో కనిపించే డీజిల్ రైలింజన్లో ఉన్నదీ ఈ సూత్రమే. బండికి 'సెంపర్ వివుస్' అని పేరు పెట్టారు. లాటిన్‌లో 'ఎప్పుడూ సజీవం' అని.

ఆ తర్వాతిది 'మిక్స్‌టె'. 1902లో సైన్యం పోర్షేని రిజర్వు సేవకు పిలిచినప్పుడు ఆస్ట్రియా సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ని ఆ బండిలోనే తిప్పాడు. రాచరికం మెచ్చినా ఖర్చుకు లోనర్ తట్టుకోలేకపోయాడు. ఒక్కో బండికీ అంత రాగి, అంత చేతిపని! 1906లో పోర్షే ఆస్ట్రో-డైమ్లర్‌కు మారిపోయాడు.

చక్రంలో మోటారు అనే ఆలోచన మాత్రం అతన్ని వదల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యం భారీ ఫిరంగుల్ని కొండల్లోకి చేర్చాల్సివచ్చింది. పోర్షే ఒక బండిలో పెట్రోలు ఇంజిన్, జనరేటర్ పెట్టి, వెనక తగిలించిన బళ్ల చక్రాల్లో మోటార్లు అమర్చాడు. ఆ బళ్లు రోడ్డు మీదా నడిచేవి, చక్రాలు సరిచేస్తే రైలు పట్టాల మీదా నడిచేవి. వియన్నా వీధుల్లో పొగ తగ్గించడానికి పుట్టిన మోటారు 38 సెంటీమీటర్ల ఫిరంగిని మోసింది.